ధైర్యం తర్వాత, ముందు సంగతి చెప్పండి

బళ్లో పిల్లవాడు చిటికెన వేలు పైకెత్తి "సార్, ఒంటికి" అనగానే "ఇప్పుడేగా ఇంటర్వెల్ అయింది, కూర్చో" అనడం నాకు ముప్పై నాలుగేళ్ల అలవాటు. లెక్కల మాస్టారిని. వర్గ సమీకరణం సగంలో ఉండగా ఎవడు లేచినా ఒళ్లు మండేది. ఆ పిల్లలందరి ఉసురూ 2022 వేసవిలో, విజయవాడలో ఒక ఆస్పత్రి సెల్లార్‌లో, స్టీలు కుర్చీల మీద నాకు తగిలింది.

ప్రోస్టేట్ అనే మగవాళ్ల గ్రంథికి క్యాన్సర్ వచ్చి రేడియేషన్ ఇచ్చేటప్పుడు మూత్రాశయం నిండుగా ఉండాలి, మలద్వారం దగ్గర పేగు ఖాళీగా ఉండాలి. నిండిన మూత్రాశయం పైనున్న పేగుల్ని పక్కకి నెట్టి, కిరణాల దారిలోంచి తప్పిస్తుంది. అందుకని ముందు ఒంటికి వెళ్లొచ్చి, అరలీటరు నీళ్లు తాగి, ముప్పావుగంట బిగబట్టుకుని కూర్చోవాలి. ముప్పావుగంట అనేది కాగితం మీది లెక్క. మిషన్ ఆలస్యమైతే గంటన్నర. అరవై దాటిన నలుగురు మగాళ్లం, తలా ఒక నీళ్ల సీసా పట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని, తీసి, మళ్లీ వేసుకుని, ఎదురుగా గోడ మీదున్న క్యాలెండర్ వంక చూస్తూ కూర్చునేవాళ్లం. మొదటి రెండు రోజులూ ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

మూడోరోజు మిషన్ మొరాయించింది. గంటా పది నిమిషాలయ్యాక, నూజివీడు వైపు నుంచి వచ్చే మామిడితోట రైతు లేచి నిలబడి, "అమ్మాయ్, లాకులు ఎత్తకపోతే కాలవకి గండి పడేట్టుంది" అన్నాడు టెక్నీషియన్ అమ్మాయితో. ముందు తహసీల్దారుగా రిటైరైన ఆయన నవ్వాడు, నవ్వితే ప్రమాదమని తెలిసి కూడా. తర్వాత నేను. లారీల ఓనరు నవ్వాపుకోలేక బాత్రూమ్ వైపు పరిగెత్తాడు. పాపం ఆయన మళ్లీ అరలీటరు తాగి మొదటినుంచీ మొదలెట్టాడు.

ఆ రోజు నుంచి మాటలు కలిశాయి. వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు, ఇరవై విడతలు. ఆ ఇరవై రోజుల్లో ఆ కుర్చీల మీద విన్నవి, అంతకుముందు ఆరు నెలలుగా నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేననేది ఇదీ: ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలిన మగవాడిని, రిపోర్టు వచ్చిన వారంలోనే, ఏ చికిత్సా మొదలుకాకముందే, ఆ దారిన నడిచొచ్చిన ఇంకో మగవాడి పక్కన కూర్చోబెట్టాలి. ఫోన్లో అయినా సరే. ఇంట్లోవాళ్లు మాత్రం ఆ గదిలో ఉండకూడదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను, మీ ఇంట్లో జరిగిందే అనిపిస్తే నా పూచీ లేదు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నానని, ధార సన్నగా వస్తోందని వెళ్తే పీఎస్ఏ రక్తపరీక్ష రాశారు, ప్రోస్టేట్ నుంచి నెత్తురులోకి వచ్చే ఒక ప్రొటీన్‌ని కొలిచేది. 18 వచ్చింది. మామూలుగా 4 దాటితే ఎందుకో చూద్దామంటారు. గ్రంథి వాచినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది కాబట్టి అంకె చూసి ఏదీ తేల్చరు. ఎమ్మారై అయింది, బయాప్సీ అయింది. రిపోర్టు రోజున హైదరాబాద్ నుంచి మా అమ్మాయి, అల్లుడు వచ్చారు. ముగ్గురం డాక్టరు గదిలోకి వెళ్లాం. డాక్టరు ఫైలు చూశాడు, నన్ను చూశాడు, తర్వాత మా అమ్మాయిని చూశాడు. "నాన్నా, మీరు కాసేపు బయట కూర్చోండి, బిల్లు సంగతి మాట్లాడి వస్తాం" అంది. బిల్లు సంగతి పాతిక నిమిషాలు మాట్లాడారు. బయటికొచ్చేటప్పుడు ఫైలు గుండెకి హత్తుకుని ఉంది, చిన్నప్పుడు మార్కులు తక్కువొచ్చిన రోజు ప్రోగ్రెస్ కార్డు పట్టుకున్నట్టే. "చిన్న గడ్డ నాన్నా. కరెంటు పెడితే పోతుందట."

దాన్ని ఏమనను? మా నాన్నకి గొంతు క్యాన్సర్ వచ్చినప్పుడు నేను చేసిందీ అదే. అల్సరన్నాం. ఆయనకి తెలుసని మాకు తెలుసు, మాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఎనిమిది నెలలు ఇంటిల్లిపాదీ నాటకం ఆడాం. పోయే ముందురోజు కూడా ఆ మాట ఎవరి నోటా రాలేదు. ఏం అడగాలనుకున్నాడో, ఏం చెప్పాలనుకున్నాడో ఆయనతోనే పోయింది.

ఆ రాత్రి అమ్మాయి పడుకున్నాక ఫైలు తీసి చదివాను. అడినోకార్సినోమా, అంటే క్యాన్సరే. గ్లీసన్ స్కోరు 4+3=7. పదికి ఏడు. నలభై వేల పేపర్లు దిద్దిన చెయ్యి కదా, ఫస్ట్ క్లాసేలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నవ్వకండి.

అసలు లెక్క తహసీల్దారు గారు చెప్పారు, నీళ్ల సీసా మూత మీద వేలితో గీతలు గీస్తూ. గ్లీసన్ అనే ఆయన అమెరికాలో, మినియాపోలిస్‌లో పాథాలజిస్టు. 1960లలో ఈ పద్ధతి పెట్టాడు. మైక్రోస్కోపు కింద కణాల అమరిక ఎంత చెదిరిందో చూసి 1 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు. ఎక్కువ కనిపించే అమరిక గ్రేడు ముందు, దాని తర్వాతది వెనక. రెండూ కూడితే స్కోరు. ఈ రోజుల్లో బయాప్సీలో 3 కంటే తక్కువ గ్రేడు వెయ్యరు కాబట్టి క్యాన్సర్ ఉందంటే స్కోరు 6 దగ్గరే మొదలవుతుంది. పదికి ఆరంటే సగం పైన పోయిందని కుమిలిపోతారు చాలామంది. అదే అన్నిట్లోకీ నెమ్మదైనది. ఇంకోటి కూడా చెప్పారాయన, దాన్నుంచి నేనింకా తేరుకోలేదు. 3+4, 4+3 ఒకటి కాదట! ముందు 4 ఉంటే జబ్బుకి చురుకెక్కువట. ఎటు నుంచి కూడినా ఒకటే, దీన్నే స్థిత్యంతర ధర్మం అంటారని ఆరో తరగతి పిల్లలచేత ముప్పై నాలుగేళ్లు వల్లె వేయించాను. తీరా నా ఒంట్లోనే అది తప్పింది. ఈ తికమక పడలేక 2014లో పాథాలజిస్టులే కొత్తగా ఐదు గ్రూపులు చేసుకున్నారు. 3+4 రెండో గ్రూపు, 4+3 మూడోది.

మన పేపర్లు ప్రోస్టేట్‌ని పౌరుష గ్రంథి అని రాస్తాయి. ఆ పేరు పెట్టిందెవరోగానీ సగం చేటు అక్కడే జరిగింది. సంస్కృతంలో ఆ మాటకి ఏ అర్థమున్నా, మన వాడుకలో పౌరుషమంటే ఉప్పూకారం తినేవాడికి ఉండేది. ఈ గ్రంథి చూస్తే అక్రోటుకాయంత. వీర్యంలో కలిసే ద్రవం తయారుచేయడం దాని పని. కాకపోతే మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ కూర్చుని ఉంటుంది. దాన్ని కదిపితే ఒంటికి వెళ్లడమూ కదులుతుంది, పడకగదీ కదులుతుంది. మనం నలుగురిలో నోరెత్తని రెండు సంగతులూ అవే. ఇక దాని పేరు కూడా పౌరుషమే అయితే, ఆ గ్రంథికి క్యాన్సర్ వచ్చిందని ఏ మగాడు అరుగు మీద కూర్చుని చెబుతాడు?

ఈ దాపరికం మనవాళ్లకే ఉందనుకోకండి. ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాన్‌కి 1981లో గద్దెనెక్కిన కొద్ది నెలలకే ఈ క్యాన్సర్ ఎముకల దాకా పాకిందని తెలిసింది. ఆరు నెలలకోసారి తన ఆరోగ్యం గురించి బులెటిన్ ఇస్తానని దేశానికి మాటిచ్చిన మనిషి. ఇచ్చాడు కూడా, క్యాన్సర్ మాట లేకుండా. జనానికి తెలిసింది 1992లో. అమెరికా అప్పటి రక్షణమంత్రి లాయిడ్ ఆస్టిన్ అయితే మరీ. 2023 డిసెంబరు 22న ఆపరేషన్ చేయించుకుని, కొత్త సంవత్సరం రోజున ఇన్‌ఫెక్షన్‌తో మళ్లీ ఆస్పత్రిలో చేరాడు. సైన్యాన్నంతా నడిపే మనిషి ఐసీయూలో ఉన్నాడన్న సంగతి అప్పటి అధ్యక్షుడు బైడెన్‌కి మూడు రోజుల దాకా తెలీదు. అది క్యాన్సర్ అన్న ముక్క తెలిసింది 9వ తేదీన. తర్వాత ఆస్టిన్ పత్రికలవాళ్ల ముందుకొచ్చి, తప్పే, చెప్పాల్సింది అన్నాడు. ఆ బైడెన్‌కే 2025 మే నెలలో అదే క్యాన్సర్, గ్లీసన్ 9, ఎముకలకి పాకి బయటపడింది. ఆయన మాత్రం రెండు రోజుల్లో ప్రకటించేశాడు.

ఆస్టిన్ వార్త చదివి మా అల్లుడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. మా తమ్ముడు తణుకులో మా వీధి చివరే ఉంటాడు. వాడికి నేను పదకొండు నెలలు చెప్పలేదు.

తెలిసినవాళ్లు అందరూ చేసిన పని ఒకటే, ధైర్యం చెప్పడం. "మీకేం మాస్టారూ, ఉక్కు మనిషి." "ఈ రోజుల్లో క్యాన్సర్ ఒక జబ్బా అండీ." ధైర్యం చెప్పించుకోవడం ఎంత కష్టమైన పనో పడ్డవాడికి తెలుస్తుంది. వచ్చిన ప్రతివాడికీ "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అని తిరిగి మనమే ధైర్యం చెప్పి పంపాలి. కాఫీ కూడా ఇవ్వాలి.

కుర్చీల మీద ఎవరూ ధైర్యం చెప్పలేదు. సంగతులు చెప్పారు. "శనగపప్పు, క్యాబేజీ మానెయ్యండి మాస్టారూ, గ్యాస్ ఉంటే టేబుల్ మీంచి దింపేస్తారు." ఇది నూజివీడు ఆయన. "ప్యాంటు ఎందుకండీ, వదులుగా పంచె కట్టుకోండి." ఇది లారీ ఆయన. రెండోవారం చివర ఒంటికి వెళ్తే మంట మొదలై, జబ్బు ముదిరిందేమో అని నేను బిక్కచచ్చి కూర్చుంటే, అది కరెంటు వేడికి లోపల ఒరుసుకుపోవడమనీ, అయిపోయిన కొన్ని వారాలకి తగ్గుతుందనీ, కానీ నెత్తురు పడినా, జ్వరమొచ్చినా, ధార ఆగిపోయినా ఆ పూటే డాక్టరుకి చెప్పమనీ తహసీల్దారు గారు చెప్పారు. ఆస్పత్రివాళ్లు చెప్పలేదా అంటే, చెప్పారు. వాళ్లిచ్చిన ఇంగ్లీషు కాగితంలో పదకొండో అంశం అది.

నాకు రేడియేషన్‌తోపాటు హార్మోన్ ఇంజెక్షన్ కూడా ఇచ్చారు, మూడు నెలలకోటి చొప్పున రెండు, పొట్ట మీద చర్మం కిందకి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి తిండి మగ హార్మోను. అది ఆగితే జబ్బు కుంగుతుంది. షికాగోలో హగ్గిన్స్ అనే డాక్టరు 1941లోనే చూపించాడు, 1966లో దానికి నోబెల్ ఇచ్చారు. ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరు నాతో అన్నది "కాస్త వేడి చేస్తుంది" అని. వేడి చేయడమంటే మనకి మామిడిపళ్లు ఎక్కువ తింటే చేసేదే కదా. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను.

మూడోవారంలో ఒక రాత్రి రెండు గంటలకి ఛాతీ దగ్గర ఆవిరి పుట్టి మెడ మీదుగా నడినెత్తికి ఎక్కింది. బనీను పిండితే నీళ్లు కారేట్టుంది. గుండెపోటే అనుకుని లైటు వేశాను. మా ఆవిడ లేచి కూర్చుని, ఒక్క క్షణం నా మొహం చూసి, వంటింట్లోకి వెళ్లి తడిగుడ్డ తెచ్చి మెడ వెనక వేసింది. "ఇది నాకు తెలుసండీ. నలభై తొమ్మిదో ఏట నాకొచ్చినప్పుడు, ఫ్యాను పెంచుకో, నన్ను లేపకు, రేపు పదో తరగతి పేపర్లు దిద్దాలి అన్నారు" అంది. నా దగ్గర జవాబు లేదు. విసనకర్ర కూడా తెచ్చి విసిరింది. విసురుతూనే ఇంకో నాలుగు పాత సంగతులు చెప్పింది. ఆ అవస్థలో ఉన్నవాణ్ని కాబట్టి అన్నీ విన్నాను.

మర్నాడు కుర్చీల మీద చెబితే, ఇంజెక్షన్ వేయించుకున్న ముగ్గురికీ అదే వరస. టీవీలో ప్రవచనం వింటూ వెక్కి వెక్కి ఏడ్చింది నేనొక్కణ్నే కాదని కూడా ఆ రోజే తెలిసింది. లారీ ఆయన అయితే మనవరాలి స్కూల్ డ్యాన్స్ చూసి ఏడ్చాడట.

చివరి వారంలో ఆయనే అసలు ప్రశ్న ఎత్తాడు. ఎవరి వంకా చూడకుండా, సీసా మీది లేబుల్ గోటితో గోకుతూ, "మరి... ఆ సంగతి ఇంక అంతేనంటారా?" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తహసీల్దారు గారు గొంతు సవరించుకుని, ఇంజెక్షన్ ప్రభావం పోయాక చాలామందికి ఎంతో కొంత తిరిగొస్తుందనీ, మనిషిని బట్టి, వయసుని బట్టి ఉంటుందనీ, దానికీ మందులున్నాయనీ, తను డాక్టర్ని అడిగాననీ చెప్పాడు. "మీరు అడిగారా!" అన్నాడు లారీ ఆయన. మందులున్నాయన్నదానికంటే, ఒక మనిషి నోరు విప్పి అడిగాడన్నదే ఆయన్ని ఎక్కువ ఆశ్చర్యపరిచింది.

కూతురు పక్కన కూర్చుని ఉండగా ఈ ప్రశ్న ఎవరడుగుతాడు? కోడలి చేతిలో ఫైలు ఉండగా ఎవరడుగుతాడు? అందుకే ఇంట్లోవాళ్లు ఉండొద్దన్నాను. వాళ్ల ముందు మనం నాన్నలం, మామగార్లం, ఇంటి పెద్దలం. ఆ వేషం తీసి పక్కన పెట్టడానికి గంటసేపైనా ఒక చోటు కావాలి. మాకది ఆస్పత్రి సెల్లార్‌లో దొరికింది, అదీ మిషన్ పాడైతే.

కరెంటు అయిపోయాక నలుగురం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పేరు "నీళ్ల సీసా". ఇంట్లో ఎవరైనా ఫోన్ చూసినా ఏ మినరల్ వాటర్ వ్యాపారమో అనుకోవాలని. ఒకరినుంచి ఒకరికి పాకి ఇప్పుడు ముప్పై ఎనిమిది మందిమి, తణుకు నుంచి కువైట్ దాకా. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి అక్కడి రోగులు ఇంగ్లీషులో రాసుకునేవి పంపేవాడు. మంచివే. ప్రతివాడూ తన పీఎస్ఏలన్నీ తారీఖులతో సహా జాతకచక్రంలా కింద వేసుకుంటాడు. కానీ వాళ్ల గొడవంతా ఇన్సూరెన్సు. మన ప్రశ్నలు వేరు. ఈ ఇంజెక్షన్ ఆరోగ్యశ్రీలో వస్తుందా, చేతినుంచి పెట్టుకోవాలా? నాలుగు వారాలు విజయవాడలో తక్కువలో ఎక్కడుండాలి? ఆపరేషన్ అయి మూత్రం పైపు తీసిన పదో రోజున ఆర్టీసీ బస్సులో ఏలూరు దాకా ఎలా వెళ్లాలి? ఆఖరి ప్రశ్నకి పద్దెనిమిది జవాబులొచ్చాయి. కండక్టరుకి ముందే చెప్పుకోండని, చివరి సీటు వద్దని, ముదురు రంగు పంచె కట్టమని, పెద్దవాళ్ల డైపర్ ఏ సైజు కొనాలో నడుము కొలతతో సహా. అసలు నడుముకి కాదు, పిరుదుల దగ్గర కొలవాలని ఇంకొకాయన సరిదిద్దాడు.

ఆపరేషన్ అయినవాళ్లకి మూత్రం ఆగడానికి కెగెల్ వ్యాయామం చెబుతారు. కాన్పు తర్వాత ఆడవాళ్ల కోసం 1948లో ఒక అమెరికా డాక్టరు చెప్పిన వ్యాయామం అది. మా గ్రూపులో ఒక చేపల చెరువుల ఆసామికి ఫిజియోథెరపీలో "పెల్విక్ ఫ్లోర్ ఎక్సర్‌సైజ్" అన్నారట. ఫ్లోర్ అన్నారు కదా అని పదిహేను రోజులు నేల మీద చాప వేసుకుని కాళ్లు పైకెత్తుతూ, "నడుం నొప్పి వచ్చింది గానీ యూరిన్ ఆగట్లేదండీ" అని రాశాడు. అపానవాయువు నలుగురిలో ఉన్నప్పుడు బిగబడతాం చూడండి, ఆ కండరమే, పది సెకన్లు బిగించి వదలండి, కుర్చీలో కూర్చునే చేయొచ్చు అని ఒకాయన తెలుగులో రాశాడు. ఆ ఒక్క వాక్యం కోసమైనా ఆ గ్రూపు ఉండాలి.

అలాగని ఇలాంటి గుంపుల్ని నెత్తిన పెట్టుకోమనను. మొదటి ఏడాది మా గ్రూపులో పొద్దున్నే శుభోదయాలు, మధ్యాహ్నం లక్ష్మణ ఫలం. ఆ పండు కీమో కంటే పదివేల రెట్లు శక్తిమంతమన్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మనుషుల మీద అలా రుజువైంది ఏదీ లేదు. పంపినవాడు చెడ్డవాడు కాదు, వాళ్ల బావమరిదికి తగ్గిందట. ఆ "తగ్గిందట" అన్నచోటే గోతిలో పడతాం. 1990లలో అమెరికాలో పీసీ-స్పెస్ అనే ఎనిమిది మూలికల గుళికలు అమ్మారు. ప్రోస్టేట్ రోగులు ఒకరికొకరు చెప్పుకున్నారు, పీఎస్ఏ పడిపోతోందని. అబద్ధమేమీ కాదు, నిజంగానే పడింది. తీరా పరీక్షిస్తే గుళికల్లో కృత్రిమ ఈస్ట్రోజెన్, అంటే ఆడ హార్మోను, బయటపడింది, నెత్తురు పల్చబరిచే వార్ఫరిన్ కూడా. ఈస్ట్రోజెన్ ఇస్తే ఈ జబ్బు కుంగుతుందని హగ్గిన్స్ ఎప్పుడో 1941లో చెప్పిందే. మూలికలనుకుని అరవై ఏళ్ల నాటి మందు, కొలత తెలీకుండా మింగారు. 2002లో మార్కెట్లోంచి తీసేశారు. ఆ కథ గ్రూపులో పెట్టి ఒక నియమం రాశాను: నీకేం జరిగిందో చెప్పు, ఎదుటివాడు ఏం మింగాలో చెప్పకు. ఇద్దరు అలిగి వెళ్లిపోయారు.

పీఎస్ఏలు పోల్చుకోవడం ఇంకో జాడ్యం. ఆపరేషన్‌తో గ్రంథి మొత్తం తీసేసినవాడికి అది దాదాపు సున్నాకి రావాలి. రేడియేషన్ అయినవాడికి గ్రంథి లోపలే ఉంటుంది కాబట్టి మెల్లగా దిగుతుంది, మధ్యలో ఒకసారి ఎక్కి దిగడం కూడా ఉంటుంది. ఒకడు 0.02 అని దండాల బొమ్మలు పెడితే, 0.8 వాడికి ఆ రాత్రి నిద్ర లేదు. పైగా ఇలాంటి చోట్ల బాగున్నవాళ్లు ఎక్కువకాలం ఉండరు. తగ్గిపోయాక ఈ గోల ఎందుకని వెళ్లిపోతారు. మిగిలేది ఇబ్బందులున్నవాళ్లు. కొత్తగా వచ్చినవాడికి అందరి బతుకూ ఇంతే కాబోలనిపిస్తుంది. దీనికి నాకు మందు తెలీదు. బాగున్నవాళ్లని బతిమాలి ఉంచుతున్నాను, అంతే.

మరి ఎందుకు ముందే కలపాలంటున్నాను? కాకినాడ ఆయన వల్ల. అరవై నాలుగేళ్లు, పీఎస్ఏ 6, గ్లీసన్ 6. రిపోర్టు వచ్చిన మూడోరోజున ఇంట్లోవాళ్లు ఆపరేషన్‌కి తారీఖు తీసుకున్నారు. క్యాన్సరన్నాక ఒంట్లో ఉంచుకుంటామా అన్నారు. రెండేళ్లయినా ఆయనకి ప్యాడ్ లేనిదే గడప దాటే పరిస్థితి లేదు. అలాంటి స్కోరుకి వెంటనే ఏమీ చేయకుండా, పీఎస్ఏ, బయాప్సీలతో కనిపెట్టుకుని ఉండే దారి కూడా ఒకటుందని గ్రూపులోకి వచ్చాక తెలిసింది. బ్రిటన్‌లో 1,643 మందిని మూడు గుంపులు చేసి, ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, ఒకరిని కనిపెట్టుకుని ఉండడం, ఇలా పదిహేనేళ్లు చూశారు. మూడు గుంపుల్లోనూ ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. వాళ్లు చాలావరకు జబ్బు గ్రంథి దాటకుండా తొలిదశలో దొరికినవాళ్లు. కనిపెట్టుకుని ఉన్న గుంపులోనూ సగం పైన తర్వాతెప్పుడో చికిత్స తీసుకున్నారు. నా 4+3కి ఆ దారి పనికిరాదు, అది నా డాక్టరు స్పష్టంగానే చెప్పాడు. మన దగ్గర చాలామందికి బయటపడేసరికే ఎముకల దాకా వెళ్లిపోయి ఉంటుంది, వాళ్లకీ పనికిరాదు. పనికొచ్చేవాడికి మాత్రం పనికొస్తుందని చెప్పేవాడుండాలి కదా. "అప్పుడు మీరంతా ఎక్కడున్నారండీ?" అని రాశాడు కాకినాడ ఆయన. నిష్ఠూరంగా రాయలేదు, ఊరికే అడిగాడు. నేనింతవరకూ జవాబు రాయలేదు.

రోగులు రోగులకి చెబితే లేనిపోని భయాలు పెరుగుతాయని మా బంధువుల్లో ఒక డాక్టరుగారు అంటారు. పెరగొచ్చు. మాట్లాడనివ్వకపోతే మాత్రం భయం తగ్గుతుందా? మా గ్రూపులో ఒకాయన ఎనిమిది నెలలు ఒక్క మాట రాయలేదు. ఒకరోజు తెల్లవారుజామున "నాకు ఇంజెక్షన్లు కాదు, ఆపరేషన్‌తో రెండూ తీసేశారు. నాలాంటివాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా" అని పెట్టాడు. వృషణాలు తీసేస్తే ప్రతి మూడు నెలలకీ ఇంజెక్షన్ ఖర్చుండదు. జబ్బు పాకినవాళ్లలో డబ్బు లేనివాళ్లకి మన దగ్గర ఇప్పటికీ చేసే ఆపరేషనే. ఏం రాయాలో తోచక నేను ఫోన్ పక్కన పెట్టేశాను. సాయంత్రం ఆయనే మళ్లీ రాశాడు: "ఇద్దరు విడిగా ఫోన్ చేశారు. థ్యాంక్స్." ఆ ఇద్దరెవరో నాకిప్పటికీ తెలీదు.

ఆడవాళ్లు ఉండకూడదన్న నియమం కూడా నేను పెట్టిందే. పోయిన కార్తీకమాసంలో భీమవరం ఆయన పోయారు. ఆయన ఫోన్ నుంచి వాళ్లావిడ రాశారు: "వారు నిన్న రాత్రి కాలం చేశారు. మీ అందరి పేర్లు నాకు తెలుసు. టైపు చేసేది నేనే." ముప్పై ఓం శాంతులు వచ్చాయి. రెండేళ్లుగా మేం ఆయనతో చెప్పుకున్న సంగతులన్నీ, ఆ చివరి వారం లారీ ఆయన అడిగిన బాపతు సంగతులతో సహా, ఆవిడ చదివినట్టేగా! ఇద్దరు నాకు విడిగా ఫోన్ చేశారు, నంబరు తీసెయ్యండి మాస్టారూ అని. తీసేద్దామనే అనుకున్నాను. ఇవాళ కాదులే, పదకొండో రోజన్నా వెళ్లనీ అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను.

నెలన్నర పోయాక ఒక రాత్రి పదకొండుంబావుకి, అమలాపురం వైపు నుంచి కొత్తగా చేరినాయన పెట్టాడు: "ఆపరేషన్ అయి నాలుగో రోజు. పైపు పక్కనుంచి యూరిన్ కారుతోంది. దుప్పటి తడిసిపోయింది. హాస్పిటల్ ఫోన్ ఎత్తట్లేదు. ఇంట్లోవాళ్లని లేపలేదు." మేమెవరం మేలుకుని లేం. పొద్దున్న లేచి చదివాను.

భీమవరం నంబరు నుంచి రెండు నిమిషాల్లో జవాబు వెళ్లింది: "బ్యాగులోకి అసలు వస్తోందా బాబూ, పూర్తిగా ఆగిపోయిందా?"

"కొంచెం వస్తోంది."

"అయితే కంగారు పడకండి. పైపు ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. బ్యాగు మంచం కంటే కిందకి ఉండాలి. బ్యాగులోకి రావడం ఆగిపోయినా, పొట్ట ఉబ్బి నొప్పొచ్చినా ఆటో పిలిచి అర్ధరాత్రయినా వెళ్లిపోండి."

పదకొండున్నరకి: "పైపు నా తొడ కిందే ఉందమ్మా. తీశాను. ఇప్పుడు వస్తోంది."

"దుప్పటి మార్చుకోండి. మీవాళ్లని లేపితే తప్పేం లేదు."

"సరేనమ్మా."